తయారీదారు గడిలో ఒక పేరు

కొత్తపేట,
జూన్ 9.

ప్రియమైన కుసుమకు,

ఇక్కడ అమ్మా, నేనూ క్షేమం. మస్కట్‌లో ఆ పెద్దావిడ సేవలో నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇది శుక్రవారం ఫోనులో చెప్పదగిన సంగతే. కాని ఫోనులో నువ్వు మధ్యలో నవ్వుతావు. ఉత్తరమైతే నేను పూర్తిచేసేదాకా ఆగక తప్పదు. ముమ్మిడివరం దుర్గారావు సెలవు ముగించుకుని ఆదివారం బయలుదేరుతున్నాడు. అతని పెట్టెలో ఆవకాయ సీసా పక్కన ఈ కవరు వస్తుంది. పోస్టులో వేయవద్దని నువ్వు మొదటినుంచీ చెబుతున్నావు గనుక వేయడం లేదు.

విషయమేమిటంటే, నేను ఒక కారు తయారుచేస్తున్నాను.

బాగుచేస్తున్నానని కాదు. తయారుచేస్తున్నాను. కోయంబత్తూరు వైపు ఒక చిన్న సంస్థవారు ఇనుప గొట్టాల ఫ్రేమును విడిభాగాలుగా, నక్షాలతో సహా పంపుతారు. దానిని అతికించి, పాత చిన్నకారు ఇంజను బిగించి, బాడీ వేయించుకోవడం మన పని. ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారు. అయిదువందల కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. మామూలు కారులో ఇంచుమించు సగం.

ఎందుకని అడుగుతావు. ముప్ఫై ఏళ్ళుగా ఇతరులు తయారుచేసినవాటిని బాగుచేస్తూ వచ్చాను. రాత్రి బడిలో చదివి నలభై మూడో ఏట పట్టా పుచ్చుకున్నాను. అయినా కొత్తపేట సెంటర్లో నేను "ఏవయ్యా మెకానిక్కూ"నే. ప్రతి బండి సి బుక్కులోనూ 'తయారీదారు' అని ఒక గడి ఉంటుంది. ఎన్ని వందల బుక్కులు నా చేతుల మీదుగా వెళ్ళాయో లెక్కలేదు. అన్నిటా ఏదో ఒక కంపెనీ పేరే. ఒక్క బుక్కులో, ఒక్కదానిలోనే, ఆ గడిలో నా పేరు అచ్చులో చూసుకోవాలి. అంతకు మించి కోరిక లేదు.

నీ
భీమరాజు, బి.ఎ.


మస్కట్,
జూలై 2.

ప్రియమైన మీకు,

నవ్వలేదండీ. నవ్వు రాలేదు. మీ ఉత్తరం పట్టుకుని వంటింట్లో పీట మీద కూలబడిపోయేను. పొయ్యి మీద అన్నం మాడింది. పెద్దావిడ చేతికర్రతో నేల మీద కొట్టి పిలిచేదాకా నాకు ఈ లోకం తెలియలేదు.

కారా? దానికి పైకప్పు కూడా ఉండదని దుర్గారావు చెప్పేడు. మన వానలకి పైకప్పు లేని కారా! ఇద్దరే కూర్చుంటే అత్తయ్యగారు ఎక్కడ కూర్చుంటారు, ముందు దీపాల మధ్యనా? ఎవరితోనండీ పందెం, లొల్ల లాకుల దగ్గర గేదెలతోనా? నేను వచ్చేలోపల ఊళ్ళో మీకు ఏం పేరు పెడతారో తల్చుకుంటేనే గుండె దడగా ఉంది.

సరే, మొదలెట్టేరు కాబట్టి ఒక మాట. బాడీ ఎవరిచేతో ఎందుకు చేయించడం? పల్లంకుర్రులో మా అయ్యప్ప బావ ఫైబర్ బోట్లు పోస్తాడు కదా. సముద్రం మీదకెళ్ళే బోటు పోసినవాడు కారు పొయ్యలేడా?

ఆ గడిలో పేరు సంగతి మాత్రం రెండుసార్లు చదివేను. కాగితం మీద మన పేరు మనకి ఉండటం చిన్న సంగతి కాదండి. అది నాకూ తెలుసు.

పీచు మిఠాయి రంగు మాత్రం వెయ్యకండి.

మీ
కుసుమ


కొత్తపేట,
సెప్టెంబరు 14.

ప్రియమైన కుసుమకు,

నీ సలహాను మన్నించి బాడీని అయ్యప్పచేతనే పోయించాను. పనితనంలో వంక పెట్టడానికి లేదు. అయితే అడుగున వాననీరు పోవడానికి నాలుగు రంధ్రాలు ఉండాలని గీసి ఇచ్చాను. అతడు వేయలేదు.

"అన్నయ్యగారూ, అడుక్కి చిల్లు పెట్టిన చెయ్యి మా ఇంటా వంటా లేదండి" అన్నాడు.

"ఇది పడవ కాదయ్యా" అన్నాను.

"ఆయ్. కానీ నా చేతిలో ఉన్నంతసేపూ పడవేనండి."

మొదటి వానకే సీట్ల దాకా నీరు నిలిచింది. ఒక్క చుక్క బయటకు పోలేదు. అమ్మ అరుగు మీద నుంచి చూసి, "రొయ్యపిల్లల్ని వదలరా అబ్బాయ్, పంటకొస్తాయి" అన్నది. డ్రిల్లు తీసుకుని నాలుగు రంధ్రాలూ నేనే వేశాను. అయ్యప్ప అటు తిరిగి నిలబడ్డాడు.

తోట బాటలో నడిపి చూసినప్పుడు ముందు చక్రాన్ని పట్టి ఉంచే గొట్టం మీద, అతుకు దగ్గర, వెంట్రుక మందాన పగులు కనిపించింది. అది నా అతుకే. ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది. విప్పి, కోసి, మళ్ళీ అతికించి, మూలకు పట్టీ కూడా వేశాను. ఇప్పుడు దాని మీద నలుగురు నిలబడ్డా కిక్కురుమనదు.

ట్రాక్టరు ట్రక్కు మీద ఎక్కించి రావులపాలెం తీసుకెళ్ళి, అరటిగెలల లారీల మధ్య కాటా మీద దించాను. అయిదువందల పన్నెండు కిలోలు. కాటా గుమాస్తా కిటికీలోంచి తల బయట పెట్టి, "ఖాళీ బండి తూకమాండీ ఇది? నిండు బండి ఎప్పుడు తెస్తారండి?" అని అడిగాడు. "ఇదే నిండు బండి" అన్నాను. లారీ డ్రైవర్లందరూ దిగి వచ్చి చూశారు. ఒక్కరూ నవ్వలేదు.

రేపు అమలాపురం రవాణా కార్యాలయానికి తీసుకువెళుతున్నాను. దరఖాస్తు నా దస్తూరీతోనే నింపాను. ఆ గడి కూడా నింపాను.

నీ
భీమరాజు, బి.ఎ.


కొత్తపేట,
సెప్టెంబరు 30.

ప్రియమైన కుసుమకు,

ఈ ఉత్తరం వ్రాయడానికి నాలుగుసార్లు కూర్చుని లేచాను.

బ్రేకు ఇన్‌స్పెక్టరు హేమ గారు వయసులో చిన్నావిడ, మర్యాద తెలిసిన మనిషి. కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. నేల మీద మోకాళ్ళూని అతుకులు చూశారు.

"ఎవరు చేసేరండీ?"

"నేనేనండి."

"అంటే, ఏ కంపెనీ అండి?"

"నేనేనండి" అని మళ్ళీ అన్నాను. ఆవిడ పెన్నుకు మూత పెట్టేశారు.

కొత్త రకం కారు ఏదైనా ముందు ప్రభుత్వం గుర్తించిన పరీక్షాకేంద్రంలో నెగ్గి ధ్రువపత్రం తెచ్చుకోవాలట. అక్కడ దానిని గోడకేసి గుద్ది చూస్తారట. "నా దగ్గర ఒక్కటే ఉందండి" అన్నాను. "అదేనండి చిక్కు" అన్నారావిడ, నిజంగా నొచ్చుకుంటూ. చెట్టు కింద బల్ల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

ఈ నిబంధన విడిభాగాలతో వచ్చిన పుస్తకం చివరి పుటలో ఉంది, కుసుమా. నక్షాలున్న పుటలన్నీ కంఠస్థం చేశాను. చివరి పుట తిప్పలేదు. పట్టభద్రుణ్ణి.

గేటు బయట పోలిరాజు అనే ఏజెంటు పలకరించాడు. "ఎందుకండీ మాస్టారూ అంత దిగులు? తుక్కుకి పోయిన కారు కాగితాలు నా దగ్గర ఉన్నాయండి. దాని ఛాసిస్ నంబరు మీ ఫ్రేము మీద కొట్టెయ్యండి. అప్పుడిది కొత్త కారు కాదు, పాత కారుకి మరమ్మతు" అన్నాడు.

"మరి తయారీదారు గడిలో?"

"పాత కంపెనీ పేరే ఉంటుందండి. ఎవడు చదువుతాడు?"

నేను చదువుతాను. ఆ మాట అనలేదు. రెండేళ్ళ ఆలోచన, నాలుగు నెలల పని షెడ్డులో గుడ్డ కప్పుకుని కూర్చుంటే చూడలేకపోయాను. నిన్న ఇనుము మీద అచ్చు కొట్టే పంచ్‌లు తీసుకుని పదిహేడు అక్షరాలూ నా చేత్తోనే కొట్టాను. ఎనిమిదో అక్షరం దగ్గర సుత్తి పక్కన పెట్టి, మళ్ళీ తీసుకున్నాను. వచ్చే నెలాఖరుకు కాగితాలు దాఖలు చేద్దామన్నాడు.

నీకు కోపం వస్తుందని తెలిసే, చేసిన తరువాత చెబుతున్నాను. సెలవు ముగించుకుని వస్తున్న రావులపాలెం నాగసతీష్ ఈ ఉత్తరం తెచ్చి ఇస్తాడు.

భీమరాజు


మస్కట్,
అక్టోబరు 19.

ప్రియమైన మీకు,

రెండు శుక్రవారాలు నేను ఫోను ఎత్తలేదు. గొంతుతో చెప్పగలిగేది కాదు.

మీరా కొట్టేరు ఆ పదిహేనో పదిహేడో? కొత్తదని చెప్పి పాత నట్టు ఒక్కటి ఎవరికీ బిగించని మనిషి, మీరా? చదివి నమ్మలేక అక్షరాల మీద వేలు పెట్టి మళ్ళీ చదివేను.

ఇప్పుడు నేను రాసేది కూర్చుని చదవండి. అత్తయ్యగారికి వినబడేలా చదవకండి.

ఇక్కడ నా పేరు కుసుమ కాదు. దానమ్మ.

నాలుగేళ్ళ కిందట వీసా వచ్చింది నాకు కాదండి. కాకినాడ వైపు దానమ్మ అనే ఆవిడకి. ఆఖర్న ఆవిడ రానంది. గడువు పదిరోజులే ఉంది. ఏజెంటు, "ఆవిడ పేరు మీదే నీ ఫొటోతో పాస్‌పోర్టు పుట్టిస్తానమ్మా, ఎవడు చదువుతాడు?" అన్నాడు. మీ పోలిరాజు మాటే, అక్షరం పొల్లుపోకుండా. పాస్‌పోర్టు ఎయిర్‌పోర్టులోనే చేతికిస్తారని మీకు చెప్పేను. అది నిజమే. అందులో ఏముందో చెప్పలేదు. చెబితే మీరు పంపేవారు కాదు.

అందుకే పోస్టులో వెయ్యొద్దన్నాను. కుసుమ పేరున కవరు వస్తే ఈ ఇంట్లో అలాంటి మనిషే లేదు. రెండు సెలవులు వదులుకున్నది పెద్దావిడ పంపక కాదు, వేలిముద్ర అడిగే చోటికి వెళ్ళే ధైర్యం లేక. వేసంగిలో నాకు జ్వరం ముదిరి ఆస్పత్రిలో చేర్చేరు. మంచానికి కట్టిన చీటీ మీద దానమ్మ అని ఉంది. ఆ చీటీ చూస్తూ పడుకున్నాను. నేను పోతే దానమ్మ పోయిందని రాసుకుంటారు, ఆవిడ వాళ్ళకి కబురు పెడతారు. మీకు ఏ కబురూ రాదు. మీరు శుక్రవారం ఫోను చేస్తూనే ఉంటారు.

ఆ కారు రేపు ఎవరినన్నా గుద్దితే, మిమ్మల్నే ఏ కాలవలోనో పడేస్తే, కాగితాల్లో అది ఏ కారు? మీరు ఎవరు?

ఆ నంబరు తీసెయ్యండి. ఇంట్లో నేనొక్కదాన్నీ చాలు.

మీ
కుసుమ


కొత్తపేట,
నవంబరు 6.

ప్రియమైన కుసుమకు,

కూర్చుని చదవమన్నావు. నిలబడి మొదలుపెట్టాను. నీ రెండో పేరు దగ్గరికి వచ్చేసరికి కారు సీటులో కూర్చుని ఉన్నాను. ఎలా కూర్చున్నానో గుర్తులేదు. అమ్మ భోజనానికి పిలిచినా కారులోంచి దిగలేదు. "పక్షవాతమేమోరా" అని అమ్మ ఇరుగుపొరుగును కేకేసింది.

నాలుగేళ్ళు. నీ భర్తకు చెప్పుకోలేనంత భయం నీకు నేనంటే ఉండేదని నాకు తెలియదు. ఏజెంటును తిట్టడానికి కూర్చున్నాను. తిట్టవలసింది అతన్ని ఒక్కణ్ణే కాదని తేలింది. నీతి మాటలు చెప్పి చెప్పి, నువ్వు నిజం చెప్పడానికి చోటు లేకుండా చేశాను.

నంబరును గ్రైండరుతో అరగదీస్తే గొట్టం పలచబడుతుంది, ఆనవాలూ మిగులుతుంది. అందుచేత ఆ ముక్కనే కోసి తీసి, కొత్తది అతికించాను. కోసిన ముక్కను, పోలిరాజు ఇచ్చిన కాగితాలను పట్టుకుని హేమ గారి దగ్గరకు వెళ్ళి బల్ల మీద పెట్టాను. జరిగింది చెప్పాను. ఆవిడ కుర్చీలోంచి లేచిపోయారు.

"ఇవి దాఖలు చేసి ఉంటే మీమీద కేసు పెట్టవలసి వచ్చేదండి, తెలుసా?"

"తెలిసేనండి వచ్చింది. నేను మొదట నింపిన దరఖాస్తుకు మీ నిర్ణయం రాతపూర్వకంగా ఇప్పించండి."

"కాదని కాగితం ఇమ్మని అడిగినవాళ్ళు మా ఆఫీసులో మీరొక్కరేనండి" అన్నారావిడ. కాగితాలూ ఇనుప ముక్కా తన దగ్గరే ఉంచుకున్నారు. వారం తరువాత పిలిచి ముద్ర వేసిన ఉత్తర్వు ఇచ్చారు. అందులో ఇలా ఉంది: 'తయారీదారు: భీమరాజు, కొత్తపేట. నమోదు నిరాకరించడమైనది.'

అచ్చులోనే ఉంది, కుసుమా. ప్రభుత్వ ముద్ర కింద. సంతోషం కలుగుతుందనుకుని మెట్ల మీద నిలబడి మూడుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా, మంచానికి కట్టిన ఆ చీటీయే కళ్ళముందుకు వచ్చింది. జేబులో పెట్టేసుకున్నాను.

నువ్వు మన రాయబార కార్యాలయానికి వెళ్ళు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. జరిమానా అన్నా, జైలు అన్నా, మళ్ళీ ఆ దేశం రావద్దన్నా, సరే అను. నీ ఆధారు, బడి సర్టిఫికెట్టు, మన పెళ్ళి ఫొటో నకళ్ళు నోటరీ చేయించి దుర్గారావు తమ్ముడితో పంపుతున్నాను. నేను పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను. అవసరమైతే వచ్చి నీ పక్కన నిలబడతాను. కారు తోటలో తిరిగితే చాలు.

నీ
భీమరాజు


మస్కట్,
డిసెంబరు 11.

ప్రియమైన మీకు,

వెళ్ళేనండి.

ముందు పెద్దావిడకి చెప్పేను. ఎలాగో తెలిసిపోతుంది కదా. ఆవిడ చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "నాలుగేళ్ళు నా తల దువ్విన మనిషి ఎవరో నాకు తెలీదా?" అంది. మా మీద కేసు వస్తుందా అని వాళ్ళబ్బాయి కేకలు వేసేడు. ఆవిడ అతన్ని గదిలోంచి పంపేసి, కారు డ్రైవరుని పిలిచి నన్ను ఎక్కించింది. వెళ్ళిరమ్మని మాత్రం అనలేదు.

కిటికీ దగ్గర అమ్మాయి నా ఇక్కడి గుర్తింపు కార్డు చూసి, "దానమ్మా?" అంది. "కాదండి" అన్నాను. అంత గట్టిగా అన్నానని నాకు తెలియదు. వెనక వరసలో అందరూ మాట్లాడ్డం మానేసేరు. మీరు పంపిన కాగితాలు తోసేను. ఆ అమ్మాయి పెళ్ళి ఫొటో చూసింది, నన్ను చూసింది, లోపలికి పట్టుకుపోయింది.

ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేమన్నారు. విచారణ ఉంటుందిట. అంతవరకూ మా లాంటి ఆడవాళ్ళకి వాళ్ళు నడిపే వసతిలో ఉండమన్నారు. అక్కణ్ణించే రాస్తున్నాను. మన వైపు వాళ్ళే ఇద్దరున్నారు. మీరు అప్పుడే రాకండి, చెప్పినప్పుడు రండి.

ఒక్క సంగతి మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఆ రోజు రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాక, లోపల్నించి ఒకాయన గుమ్మంలోకి వచ్చి "కుసుమ" అని పిలిచేడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచేడు. ఆవిడెవరో వినిపించుకోవడం లేదే పాపం అనుకుని, నేను కూడా అటూ ఇటూ చూసేనండి.

మీ
కుసుమ