అట్టలు వేసిన పన్నెండు పుస్తకాలు

షెఫీల్డ్, 5-2-2008

ఏమండీ, ఇక్కడ అందరం క్షేమం. టీవీలో ఈ ఊరి గాలివాన చూసి కంగారు పడకండి, పెరట్లో కంచె ఒక్కటే పడింది.

బయటికి వెళ్ళలేని ఆ రెండు రోజుల్లో మనవరాలు రచన ఇంటికి తెచ్చుకున్న పుస్తకాలు పన్నెండింటికీ పాత క్యాలెండర్ కాగితాలతో అట్టలు వేసి, అన్నం మెతుకులతో అంటించి, పైన దాని పేరు రాశాను. అబ్బాయి శ్రీకర్ చూసి తల పట్టుకున్నాడు. అవి లైబ్రరీవట! ఈ ఏడాదంతా అందరిచేతా చదివించాలని గవర్నమెంటు వాళ్ళు ఊరికే పంచిపెట్టారనుకున్నాను.

నిన్న నేనే పట్టుకెళ్ళి దొంగలా నిలబడ్డాను. అక్కడి ఆవిడ అట్టలు తడిమి చూసి నవ్వింది. తిట్టలేదు సరికదా, నాకూ కార్డు రాసిచ్చి ఇంకో ఆరు పుస్తకాలు చేతిలో పెట్టింది.

బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? గ్యాస్ బుక్ చేశారా?

ఎదురింటి నాగజ్యోతి ఒక్క నవల అడిగితే, చింపేస్తుందని బీరువాకి తాళం వేశారు మీరు. ముక్కూ మొహం తెలియని నన్ను వీళ్ళు నమ్మారండీ. ఆ పిల్ల మన కళ్ళముందు పెరిగింది. అట్టలు నేనొచ్చి వేస్తాను గానీ, నేనొచ్చేసరికి ఆ బీరువాలో ఒక్క అరైనా ఖాళీగా కనిపించాలి.

నమస్కారాలతో,
మీ హైమవతి