దుప్పట్ల వెనక డబ్బా

ఫిబ్రవరి 11
ఇందుమూలంగా అమీర్‌పేట మేడల మీది సమస్త ట్యాంకులకు, కాకులకు, ఆరేసిన లుంగీలకు తెలియజేయడమేమనగా — నేటి నుంచి యాదగిరి స్క్రూడ్రైవర్ ఎడమ జేబుకు మారినది. కుడి జేబు దువ్వెనకు కేటాయించడమైనది. అభ్యంతరాలు స్వీకరించబడవు.

ఫిబ్రవరి 12
దువ్వెన దండగ. పంజాగుట్ట నుంచి ఫోన్ లేదు.

ఫిబ్రవరి 15
కారణం దొరికింది. హాస్టళ్ల ట్యాంకుల్లో నీళ్లెంతున్నాయో చెప్పే డబ్బాలు బిగించేది నేనే. ఒక డబ్బా కబురును పక్క మేడ డబ్బాకిస్తుంది, అది ఆ పక్కదానికి... అలా ఆఫీసు చేరుతుంది. ఇన్నాళ్లూ దారి ఒక్కటే — పంజాగుట్టలో సుజాత నడిపే లేడీస్ హాస్టల్ మీదుగా. ఆమె తడి దుప్పట్లు డబ్బాకు అడ్డంగా ఆరేస్తుంది. కబురు ఆగుతుంది, మోటారు ఆగదు, ట్యాంకు పొంగుతుంది, నాకు ఫోన్. వెళ్తాను. దుప్పటి జరుపుతాను. టీ. ఆమెదీ ఒంటరి తిండే, నాదీ అంతే.

ఇప్పుడు ఆఫీసులో కిశోర్ సారు నేర్చుకునే ప్రోగ్రాం పెట్టాడు. "కబురు చేర్చిన డబ్బాకు మార్కులేస్తుంది యాదగిరి గారూ. పోగొట్టినదాన్ని వదిలేసి వేరే దారి చూసుకుంటుంది. ఇక మీరు ఎండలో తిరగక్కర్లేదు."

నీడ ఎవడడిగాడు?

ఫిబ్రవరి 18
కొత్త దారి ఆమె వెనక సందులోని బాయ్స్ హాస్టల్ మీదుగా. అక్కడి డబ్బాకు తడి గోనెసంచి కప్పాను. ఆరకుండా రోజూ నీళ్లు చల్లాలి. గోనెకు ఇంత సేవ!

ఫిబ్రవరి 22
మెషిన్ నేర్చుకుంది. కబుర్లన్నీ మళ్ళీ సుజాత మీదుగానే. ఇక ఆమె దుప్పట్లు ఉతకడమే తరువాయి.
పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద, బస్సులోంచి చూశాను. తాడు ఖాళీ.

ఫిబ్రవరి 24
తాడు ఖాళీ.

ఫిబ్రవరి 26
ఫోన్! మేడ మీదికి వెళ్లాను.
"గీ డబ్బాకు ఏం రోగమొచ్చింది?"
"దుప్పట్ల మీద మోజు."
"జర పక్కకు జరిపితే సరిపోతది. నాకు సుత తెల్సు."
"మరెందుకు జరపలే?"
టీ తెచ్చింది. మెట్లు దిగుతుంటే పైనుంచి — "యాదగిరీ, మళ్ళ ఎప్పుడొస్తవ్?"
"అన్నా" అనలేదు. ఉట్టి పేరు.
మెట్రో ఎక్కలేదు. అమీర్‌పేట దాకా నడిచాను.

మార్చి 2
కిశోర్ సారు గోనెసంచి కనిపెట్టాడు. "ఏంటిది యాదగిరి గారూ?"
"కోతులు సార్."
"కోతులు నీళ్లు కూడా చల్లుతాయా?"
తీయించాడు. నా చేతే.

మార్చి 5
దారి మళ్ళీ వెనక సందుకు పోయింది. మెషిన్‌కేం — ఒక మేడ కాదంటే ఇంకో మేడ. నాకున్నది ఒక్క మేడ.

మార్చి 9
ఫ్లైఓవర్. బస్సు ట్రాఫిక్‌లో ఆగింది. ఆమె మేడ మీద దుప్పటి — తాడు మీద కాదు, డబ్బా మీదే. మడతపెట్టి కప్పినట్టుంది. గాలికి పడిందా... గాలి మడతలు పెడుతుందా? ఫోన్ మాత్రం మోగలేదు. కబురు వేరే దారిన పోయి ఉంటుంది.
పిలవకుండా వెళ్తే ఏమనుకుంటుంది?
ఈ పేజీకి ఒక నిజం బాకీ. ఆ రోజు ఆమె ఉట్టి పేరు పెట్టి పిలవలేదు. "యాదగిరన్నా" అంది, ఎప్పటిలాగే. టీ నిజం. ఎప్పుడొస్తవ్ అన్నదీ నిజం. "అన్నా" ఒక్కటే నేను తీసేశాను.