జాగిలం కూర్చునే చోటు

తమ్ముడూ,

ఆదివారం వచ్చి కుక్కను తీసుకెళ్తావని మీ ఆవిడ ఫోనులో చెప్పింది. వద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

గంజాయి తాగడం ఇక నేరం కాదని చట్టం మారాక, మీ పోలీసులకు దీనితో పని లేకపోయింది. "దానికి పేపరు చదవడం రాదక్కా, గంజాయి వాసన తగిలితే ఇంకా ఎదురుగా కూర్చుని చూపిస్తూనే ఉంది" అని నవ్వి, మీ ఇంట్లో చోటు లేదని నా దగ్గర వదిలి వెళ్లావు. నీ మేనల్లుడి సంచి ముందు కూర్చున్నదీ ఇదే. వాడు జైల్లోనే పోయాడు. ఈ చట్టమే అప్పుడుంటే అనుకోవడం మానేశాను. నీ చేతిలో ఉన్నది తాడే, చట్టం కాదు. నిన్నేమీ అనను.

వాడి బట్టలు, మంచం ఎప్పుడో ఇచ్చేశాను. గదికి రంగు వేయించాను. కిటికీ పక్కన కుర్చీ మొన్న కొన్నది, వాడు చూడనిది. అయినా రోజూ సాయంత్రం కుక్క వీధి తలుపు వైపు చూస్తుంది. దాని తల గడప నుంచి కుర్చీ దాకా మెల్లగా తిరుగుతుంది. అప్పుడు వెళ్లి కుర్చీ ముందు కూర్చుంటుంది. మొరగదు, నువ్వు నేర్పినట్టే.

"ముసలి కుక్క చాదస్తం, వదినా" అంది పక్కింటావిడ. కావచ్చు. నిన్న దాని తలమీద వెంట్రుకలు అణిగాయి, ఎవరో నిమిరినట్టు. ఫ్యాను వేసి లేదు. కిటికీ మూసే ఉంది.

ఏదో ఒక మాట అంటే అది లేచి వచ్చేస్తుందన్నావు. ఆ మాటేమిటో రాయి. లేపడానికి కాదు. పొరపాటున నా నోట రాకుండా చూసుకుంటాను.

మీ అక్క