నీడకు తిరిగిన పాప

జంపక్కా,

మీ ఊరి క్యాంపులో రెండేళ్ల సోని వెనక నిలబడి గిలక్కాయ ఊపాను. తిరిగింది. వినపడుతోందని రాసేశాను. "చప్పుడుకు గాదు మేడం, మీ నీడ జూసి తిరిగింది" అన్నావు, తల్లులందరి ముందే. నీడ పడని వరండాలోకి మార్చి ఊపితే పాప కదల్లేదు.

ఇరవై ఏళ్లుగా పిల్లల చెవులు పరీక్షిస్తున్న నాకు ఒక ఆశా కార్యకర్త చెప్పాల్సి వచ్చిందని కడుపు మండింది. పాపకు వినపడదని కనిపెట్టింది నేనేనని రిపోర్టు పంపాను.

నిన్న భద్రాచలంలో చెవికి వినికిడి మిషన్ పెట్టి పిలిస్తే సోని నన్ను చూసి ఏడ్చింది. తలుపు అవతల నీ గొంతు వినగానే ఏడుపు ఆపి అటు తిరిగింది. నీ నీడేమైనా లోపల పడిందా అని గడప దాకా వచ్చి చూశాను. పడలేదు.

పంపిన రిపోర్టు వెనక్కి తెప్పించి, అందులో నా పేరు కొట్టేసి నీ పేరు రాశాను. ఇష్టంగా రాశానని మాత్రం అనుకోకు.

మీ చెవుల మేడం