సగం మెట్టు

అక్టోబరు 9

ప్రియమైన మెర్ల్ అన్నయ్యకి,

ఫోను చేస్తే నీకు వినబడదు, నువ్వు అరిస్తే నాకు ఏడుపొస్తుంది. అందుకే ఈ ఉత్తరం. నా చేతిరాత చూసి వెక్కిరించకు, వేళ్ళ కీళ్ళు వాచిపోయి కలం నిలవట్లేదు.

మా ముసలి గుర్రం బిస్కెట్ పని అయిపోయింది. పళ్ళు అరిగిపోయి, గడ్డి నానబెట్టి పెట్టినా సగం కింద పోసేస్తోంది. డొక్కలు తేలిపోయాయి. మంచు గట్టిపడేలోగా పంపించెయ్యాలి. సొంత గుర్రాన్ని పక్కవాడి చేత కాల్పించుకున్నవాళ్ళని ఇక్కడ ఎలా చూస్తారో నీకు తెలియంది కాదు. పైగా అది మా ఆయన వేడ్ చేతుల్లో పుట్టింది.

ఇంట్లో ఉన్నది వేడ్ పాత తుపాకీ ఒక్కటే. దాని ట్రిగ్గర్ నాకు లొంగట్లేదు. ఖాళీ తుపాకీతో కంచె మీది డబ్బాకి గురిపెట్టి చూశా. బలమంతా పెట్టి లాగేసరికి గొట్టం జానెడు పక్కకి పోతోంది. బిస్కెట్ ఒక్క దెబ్బతో, ఏం జరిగిందో తెలియకుండా పోవాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు నాకు. పక్క పొలం లైల్ పశువుల సంతకి అటే వస్తున్నాడు, తుపాకీ అతని చేతికిస్తున్నా. నీ తుపాకుల కొట్టులో ట్రిగ్గర్ కాస్త తేలిక చేసిపెట్టు.

అది ముట్టుకోవాలనే ఉండదు నాకు. ఆ రోజు తూటా ఎక్కించి, పేలకుండా వెనక సుత్తిని సగం మెట్టు మీద ఆపి, వేడ్ జీనుకున్న తొడుగులో దోపింది నేనే కదా. ఆపాననే అనుకున్నా. ఆపి ఉంటే, అతను బయటికి లాగినప్పుడు పేలి ప్రాణం తీసేది కాదు. తొమ్మిదేళ్ళయినా నిద్ర లేవగానే మొదట గుర్తొచ్చేది అదే.

నీ చెల్లి,
ఆర్డిస్

అక్టోబరు 27

ఆర్డీ తల్లీ,

లైల్ తుపాకీ తెచ్చిచ్చాడు, నా కాఫీ అంతా తాగి మరీ వెళ్ళాడు. విప్పి, జిడ్డు తీసి, నూనె వేశాను. ట్రిగ్గర్ జోలికి మాత్రం పోలేదు. తిట్టుకోకు.

ఈ పాత తుపాకులకి వేరే తాళం లేదు. తూటా లోపల ఉండగా సుత్తిని సగం మెట్టు మీద ఆపడమే మనవాళ్ళ తాళం. ఆ మెట్టులో సుత్తిని పట్టుకునేది ట్రిగ్గర్ సన్న కొసే. లాగడం తేలికవ్వాలంటే ఆ కొసనే అరగదియ్యాలి. నేను చెయ్యను. నీకే కాదు, ఎవరికీ చెయ్యను.

రెండు వేళ్ళు పెట్టి లాగు, గొట్టాన్ని దేనికైనా ఆన్చు. లేదా పశువుల డాక్టర్ని పిలిపించు, మొండికెయ్యకు. వేడ్ సంగతి ఇంక తవ్వకమ్మా. నీ తప్పేం లేదు.

నీ అన్న,
మెర్ల్

నవంబరు 14

అన్నయ్యా,

గొప్ప పనివాడివే! నువ్వు చెప్పినట్టే రెండు వేళ్ళూ పెట్టాను.

డాక్టరుండేది డెబ్బై మైళ్ళ అవతల, మంచుకి దారి మూసేశారు. మంగళవారం పొద్దున బిస్కెట్ పడిపోయి ఎలాగో లేచింది. ఇంక ఆగకూడదనుకున్నా. గొట్టాన్ని కంచె గుంజకి ఆన్చి లాగాను. ఎంత లాగినా కదలదే! దాణా పెడతాననుకుందేమో పిచ్చిది, నా వైపు తల చాచింది. సరిగ్గా అప్పుడే పేలింది. గొట్టం కిందికి జారింది. తగిలింది దవడకి.

రెండోసారి లాగలేకపోయాను అన్నయ్యా. ఏడుస్తూ లాగాను, వేళ్ళు రాలేదు. లైల్‌కి ఫోను చేశాను, అతను వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ అది నిలబడే ఉంది, నా మొహం చూస్తూనే ఉంది. లైల్ ఒక్క దెబ్బతో ముగించి, టోపీ తీసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

నా చేతిలో ఏదీ సవ్యంగా చావదు. అప్పుడు వేడ్, ఇప్పుడు ఇది. ఇవేం చేతులు? నరుక్కోవాలనిపిస్తోంది.

ఆర్డిస్

నవంబరు 29

చెల్లీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి పొయ్యిలో వేశాను. ఇది ఐదోది. దీన్నీ పొయ్యిలో వేస్తే నేను మనిషినే కాదు.

వేడ్ చనిపోయాడే, ఆ ఏడాది ఎండాకాలంలో ఆ తుపాకీ పట్టుకుని నా కొట్టుకొచ్చాడు. "బావా, ఈ ట్రిగ్గర్ ఆర్డిస్ వేలికి బరువుగా ఉంది. జింకల వేట మొదలయ్యేలోగా కాస్త గీకిపెట్టు. దానికి చెప్పకు, నవ్వుతుంది" అన్నాడు. గీకాను. వెంట్రుకవాసి ఎక్కువ గీకాను. సగం మెట్టు మీద పెట్టి సుత్తిని రెండుసార్లు తట్టి చూశాను, ఆగింది. చాల్లే అనుకున్నాను. భోజనానికి పిలుస్తున్నారు మరి.

నువ్వు సగం మెట్టు మీదే ఆపావు ఆర్డీ. ఆపావు. తుపాకీ లాగేటప్పుడు జీను ముందుండే కొమ్ము సుత్తికి కొట్టుకుని, నేను గీకిన ఆ కొస విరిగి పేలింది. జిల్లాలో తుపాకులు బాగుచేసేవాణ్ణి నేనొక్కణ్ణేనని షెరిఫ్ దాన్ని నాకే ఇచ్చి చూడమన్నాడు. విరిగిన ట్రిగ్గర్ తీసి జేబులో వేసుకున్నాను. కొత్తది గీకకుండా వేసి, గట్టి స్ప్రింగు బిగించి, "తుపాకీలో లోపం లేదు" అని చెప్పాను. నీ వేలికి లొంగనిది నా భయమే. మొన్న విప్పినప్పుడైనా ఆ స్ప్రింగు మార్చొచ్చు. చెయ్యి రాలేదు.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు.

మెర్ల్

డిసెంబరు 20

మెర్ల్‌కి,

తొమ్మిది థాంక్స్ గివింగు పండగలకి నీ బల్ల దగ్గర భోజనానికి కూచున్నాను. ప్రతిసారీ నా పళ్ళెంలో టర్కీ కోడి మాంసం వేస్తూ "నీ తప్పేం లేదమ్మా" అనేవాడివి. ఓదారుస్తున్నావనుకున్నాను. నిజం చెబుతున్నావని తెలియలేదు.

నీ ఉత్తరం చదివితే గుండె తేలికపడాలి కదా. పడలేదు. షెరిఫ్‌తో చెప్పను, చెబితే ఎవరొస్తారు తిరిగి? క్రిస్మస్‌కి రాను. ఆపైన కూడా రాను. నువ్వు రాకు, వస్తే తలుపు తియ్యను.

ఒక్కదానికి మాత్రం జవాబు రాయి. తర్వాత ఇంకేమీ రాయకు. నా వేలు అప్పటికే నొప్పి పెడుతోందని వేడ్‌కి ఎలా తెలిసింది? నేనెప్పుడూ చెప్పలేదే.

ఆర్డిస్