బొటనవేలికి ఉన్నిదారం

ఏలూరు,
శుక్రవారం.

నజ్నీన్ అక్కా,

ఇక్కడ మా పీఈటీలకి ఆర్చరీ ట్రైనింగ్ జరుగుతోంది. సోమవారం టెస్టులో ముందొచ్చిన టీచరు స్కూలుకే విల్లంబులిస్తారట. అవి మా పిల్లలకే రావాలి. కానీ విజయదుర్గ అని ఒకావిడ ఉంది, మీ గూడెంలో నువ్వు బట్టలు కొనే షాపు వాళ్ళమ్మాయి. ఆవిడ వేసిన బాణమల్లా గురిబల్ల నడిమి పసుపు వలయంలోనే దిగుతుంది. చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది.

నారిని మూడు వేళ్ళతోనే లాగాలి. నువ్వు నేర్పిన తివాచీ ముడి అలవాటుకి నా బొటనవేలు కూడా వచ్చి పట్టేస్తుంది. బాణం కాళ్ళ దగ్గరే పడుతోంది. ట్రైనింగిచ్చే సారుకి ఈ అలవాటు సంగతి చెబుతుంటే విని, "ఏవండీ, తివాచీ నేస్తున్నారా?" అని ఆవిడ నవ్వింది.

ఈరోజు ఉన్నిదారంతో ఆ వేలిని అరచేతికి కట్టేశాను. బాణం పసుపులో దిగింది! "పిల్లలకి ఇలాగే నేర్పండమ్మా" అన్నారు సారు. విజయదుర్గ వెంటనే చెయ్యి చాపింది. "నాకూ కట్టరూ? మా పిల్లలకి చూపిస్తాను."

దారం అయిపోయిందన్నాను. ఉండ నా బ్యాగులోనే ఉంది. "పర్వాలేదండీ" అంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర తన పులిహోర ముందు నాకే పెట్టింది.

సోమవారం నువ్వు తప్పకుండా రా అక్కా. ఆవిడ పలకరిస్తుంది. ఎంత మంచిదో అని నీకనిపిస్తుంది. నాకూ అనిపిస్తోంది. నాతో మాత్రం ఆ మాట అనకు.

నీ చెల్లి