"ఇవ్వమ్మా" అన్న మాట

అన్నయ్యా,

దొరసానికి ఎండుగడ్డి తడిపి వల సంచిలో పెట్టు. కట్టెయ్యకు, దొడ్లో తిరగనీ. దాని కాళ్ల జోలికి మాత్రం వెళ్లకు. లాడాలు ఊడదీసే మనిషిని తీసుకుని సాయంత్రానికి వస్తాను.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నిన్ను లాడాలు కొట్టినవాడే పట్టించాడు. "మీ అన్నయ్య అచ్చం మీ గొంతుతో 'ఇవ్వమ్మా' అన్నారండీ, గుర్రం నాలుగు కాళ్లూ వరసగా ఎత్తి ఇచ్చేసింది!" అని మురిసిపోతూ చెప్పాడు.

రెండేళ్లుగా దాన్ని లాడాలు లేకుండా వట్టి గిట్టలతోనే నడిపించాను. నెలనెలా నా చేత్తో ఆకురాయి పట్టి అరగదీశాను. ఆ ఒక్క మాట నమ్మడానికే దానికి ఏడాది పట్టింది. నేను రెండు రోజులు ఇంట్లో లేకపోయేసరికి ఆ మాటతోనే దానికి మేకులు కొట్టించావు. పైగా "దాని మంచికే" అంటావు!

పొద్దున నేను "ఇవ్వమ్మా" అంటే చెవులు వెనక్కి పెట్టి, కాలు నేలకి అదిమేసింది. దాని లెక్కలో నమ్మించి గొంతు కోసింది నేనే.

ఇంకోటి. దానికి ఇక కొత్త మాట నేర్పాలి. నేను దొడ్లో ఉన్నంతసేపూ నువ్వు ఇంట్లో తలుపేసుకుని ఉండు.